ఏడో నంబరు చీటీ

సరుకుకు సీలు వేసే సీలింగు గదిలోకి నీళ్ల సీసా తెచ్చినవాళ్లను ఆ పూటకు పనిలోంచి బయటికి పంపాలని రూలు పెట్టించింది నేనే. చెమట చేతులతో ట్రే ముట్టుకున్నా ఊరుకునేవాణ్ణి కాదు. అక్కడ పనిచేసే ఆడవాళ్లు చాటున నన్ను ఎండు లింగం అనేవారు. నాకు తెలిసినా తెలియనట్టే ఉండేవాణ్ణి, లోపల కాస్త గర్వపడేవాణ్ణి కూడా.

ఇస్నాపూర్ అవతల, పెద్ద మందుల ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కుని ఉండేది మా చిన్న కంపెనీ. ఓడల్లో తొడుక్కునే లైఫ్ జాకెట్లకు భుజం దగ్గర ఒక బుల్లి దీపం ఉంటుంది. మేం చేసేది ఆ దీపాలే. మావాళ్లు వాటిని బుడ్లు అనేవారు. మనిషి సముద్రంలో పడగానే బిరడాలు ఊడి, రెండు చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి పోయి, దీపం దానంతటదే వెలుగుతుంది. ఎనిమిది గంటలు వెలగాలి. చీకట్లో అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదట. వెతికేవాళ్లకు కనపడేది ఆ వెలుగొక్కటే.

లోపలి సెల్లుకు ఎక్కడి నీళ్లయినా ఒకటే. తడి తగిలిందంటే దాని ఆయుష్షు ఖర్చవడం మొదలవుతుంది. తర్వాత తుడిచినా, ఎండబెట్టినా పోయింది పోయినట్టే. అందుకే సీలింగు గది ఎప్పుడూ పొడిగా ఉండాలి. నేను ఒక్కొక్క దీపాన్నీ చూసి పాస్ చేసిన తర్వాత ఆడవాళ్లు బిరడాలు బిగిస్తారు, తమ నంబరు ముద్రించిన చీటీతో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేస్తారు. ఓడలో జాకెట్‌కు దీపం తగిలించేటప్పుడు సంచి తీసేసి, ఆ చీటీని జాకెట్ రికార్డులో అతికిస్తారు. రాజవ్వ నంబరు ఏడు.

రాజవ్వకు అప్పటికి యాభై దాటాయి. ఆ బెంచీకి ఆమే పెద్ద. ఇప్పుడు కంపెనీ ఉన్న జాగలోనే ఒకప్పుడు పరాయి వాళ్ల జొన్న చేలల్లో కూలికి కలుపు తీసిందట. చదువు రాదు. ఏడు అంకె మాత్రం గుర్తుపడుతుంది. నేను చేరిన రోజే, నాదీ తన పుట్టినూరు హత్నూరే అని తెలిసి, నన్ను బిడ్డా అని పిలవడం మొదలుపెట్టింది. మిగతావాళ్లందరికీ నేను సారునే.

రెండువేల ఐదులో మాకో పెద్ద ఆర్డరు వచ్చింది. దక్షిణాన సముద్రంలో ఒక చిన్న దేశం ఉంది, అన్నీ దీవులే. దాని పేరు ఇక్కడ రాయను, రాసే మొహం నాకు లేదు. దొంగసరుకు పడవలు, సముద్రపు దొంగలు ఏ దేశపు హద్దులూ చూసి నడవరు కదా. అందుకని వాళ్ల కోస్ట్ గార్డు, మన కోస్ట్ గార్డు కలిసి కాపలా తిరగాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. మనవాళ్లు ఒక గస్తీ ఓడను వాళ్లకు బహుమతిగా ఇస్తున్నారు. ఆ ఓడకూ, దానితో జతగా తిరిగే మన ఓడకూ కలిపి రెండు వందల దీపాలు మావి. మేనేజర్ భీమశంకరం గారు అందరినీ పిలిచి ఈ సంగతి చెప్పిన రోజు మాకు కాళ్లు నేల మీద ఆనలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వాసన భరించలేక బస్సు కిటికీలు మూసుకుని పోయే జనం మా గురించి ఏం అనుకుంటే మాకేం? మా బుడ్లు సముద్రం దాటుతున్నాయి.

వంద దీపాలకు ఒక ట్రే చొప్పున రెండు ట్రేలు. ఆఖరి పని దసరా ముందు రోజు దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయుధపూజ. యంత్రాలు కడిగి పసుపు కుంకుమలు పెట్టారు, సుత్తులు, పటకార్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ అమ్మవారి పటం ముందు పరిచారు. సీలింగు గదిలో రెండు ట్రేలూ బిరడాలు లేకుండా నా తనిఖీ కోసం ఎదురుచూస్తున్నాయి. రాజవ్వ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"బిడ్డా, కట్టింగ్ మిషన్‌కు బొట్టు పెట్టినం, పటకారుకు పెట్టినం. గంత దూరం పోయే బుడ్లను ఎట్ల ఇడిసిపెడ్తం? ఒక్క ట్రే తే. అమ్మ ముంగట జెరసేపు పెట్టి తీస్కపోదువు."

కుదరదు అని చెప్పాల్సిన మనిషిని నేనే. ఇంకెవరైనా అడిగితే, ఇంకో రోజు అడిగితే, చెప్పేవాణ్ణే. ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాను, భీమశంకరం గారు అందరి ముందూ నా భుజం తట్టి ఉన్నారు. నాక్కూడా నా సరుకు అమ్మవారి ముందు ఉంటే బాగుండుననిపించింది. నా చేతులతో నేనే ట్రే మోసుకొచ్చి పటం ముందు పెట్టాను. పైన మూత కూడా వేయలేదు.

హారతి అయ్యాక రాజవ్వ మామిడాకుల కొమ్మను పసుపు నీళ్ల చెంబులో ముంచి, వరసగా అన్నిటి మీదా చల్లుకుంటూ వచ్చింది. ట్రే దగ్గరికి వస్తోందని చూశాను. వద్దు అనడానికి నోరు తెరిచాను. అంతలోనే నీళ్లు పడ్డాయి.

ఒక దీపం వెలిగింది. పక్కనే ఇంకోటి. క్షణంలో అయిదారు. ట్రే నిండా అక్కడక్కడా తెల్లగా వెలుగుతూ ఉంటే అందరూ ఒక్క పెట్టున కేకలు వేశారు. చప్పట్లు కొట్టారు. ఎవరో రెండో కొబ్బరికాయ కొట్టారు.

"సూడు బిడ్డా!" రాజవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అమ్మ తన చేత్తోని ముట్టిచ్చింది దీపాలు. గా ఓడల మీద ఉండెటోళ్లకు ఇగ ఏం కాదు!"

తెరిచిన నోరు మూసుకున్నాను. దండం పెట్టుకున్నాను కూడా.

ట్రే లోపలికి తీసుకుపోయాక, వెలిగినవాటిని ఏరాను. పదకొండు. వాటిని పక్కన పడేశాను. మిగతా ఎనభై తొమ్మిదీ చూడ్డానికి బాగానే ఉన్నాయి. కొన్నిటి మీద పసుపు చుక్కలు ఉన్నాయి, కొన్నిటి చిల్లుల దగ్గర తడి ఉంది. వాటి లోపలికి ఎంత తడి పోయిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. దీపం వెలగనంత మాత్రాన సెల్లు లోపల ఖర్చవడం లేదని కాదు. ఇది నాకు తెలుసు. ఆ గదిలో ఈ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. మొత్తం ట్రే పారేయాలి. పారేస్తే కాగితం మీద కారణం రాయాలి. పూజ నీళ్లు అని రాయాలి, పొడి గదిలోంచి ట్రేని బయటికి తెచ్చింది ఇన్‌స్పెక్టరు లింగం అని రాయాలి. పండగ మర్నాడే లారీ. అంత ఆనందపడిన ఆడవాళ్లకు, అమ్మవారు వెలిగించిందనుకున్నది చెడిపోయిన సరుకని చెప్పాలి. ఈ చివరిదే అసలు కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా పేరు కాగితం మీదికి ఎక్కుతుందన్నదే నా భయం.

గుడ్డతో తుడిచాను. ఫ్యాను కింద పెట్టాను. తక్కువపడిన పదకొండు స్టాకులోంచి తెచ్చి కలిపాను.

ఇక పరీక్ష మిగిలింది. లాటులోంచి, అంటే మొత్తం సరుకులోంచి, పది దీపాలు తీసి ఉప్పునీళ్ల తొట్టిలో ఎనిమిది గంటలు వెలిగించి చూడాలి. ఏ పది అన్నది ఇన్‌స్పెక్టరు ఇష్టం, ఎటు చెయ్యి పోతే అటు తీయాలని పద్ధతి. నా చెయ్యి రెండో ట్రే వైపు పోయింది, గడప దాటని ట్రే వైపు. పదికి పదీ ఎనిమిది గంటలూ నిక్షేపంగా వెలిగాయి. ఖర్చయిన ఆ పదికి బదులు స్టాకులోంచి వేరే పది పెట్టి, నేను సంతకం పెట్టాను. తడిసిన ట్రేకి బిరడాలు బిగించి సీలు వేసింది రాజవ్వే. పూజ చేసిన ట్రే వేరేవాళ్లు ముట్టుకోవద్దని తనే అడిగి తీసుకుంది. అన్నిట్లోనూ ఏడో నంబరు చీటీ వేసింది.

పది నెలల తర్వాత ఆగస్టులో, వర్షం పడుతున్న ఒక పొద్దున, ఇద్దరు మనుషులు కారు దిగారు. ఒకాయన మన కోస్ట్ గార్డు అధికారి. ఇంకొకాయన ఆ దీవుల దేశం ఆయన, నసీర్ అని పేరు. ఇక్కడే మన దేశంలో శిక్షణ పొందాడట, హిందీ బాగానే వచ్చు. భీమశంకరం గారు టీలు తెప్పించి నన్ను పిలిచారు.

నసీర్ టీ ముట్టుకోలేదు. జరిగింది చెప్పాడు. రెండు దేశాల ఓడలూ కలిసి ఒక దొంగసరుకు పడవను వెంటాడుతున్నాయి. పొద్దు గుంకిన తర్వాత అల ఎక్కువై వాళ్ల నావికుడు ఒకడు సముద్రంలో పడిపోయాడు. జాకెట్ ఉంది, దీపం వెలిగింది. మన ఓడవాళ్లు ఆ వెలుగు చూశారు, అటు తిప్పారు. రెండు ఓడలూ చెరో పక్క నుంచి దగ్గరవుతున్నాయి. గంట గడిచిందో లేదో దీపం ఆరిపోయింది. తెల్లారేదాకా రెండు దేశాల వాళ్లూ పేరు పెట్టి అరుస్తూ వెతికారు. రెండో రోజు మధ్యాహ్నం, చాలా దూరంలో జాకెట్‌తో సహా దొరికాడు.

"దీపం ఇంకో అరగంట వెలిగి ఉంటే చాలు, మీవాళ్లే పైకి లాగేవాళ్లు," అన్నాడు నసీర్. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

ఆ ఓడలోని జాకెట్లలోంచి ఆరు దీపాలు తీసి వాళ్లు పరీక్ష చేశారట. గంట నిండకముందే వాటిలో నాలుగు ఆరిపోయాయి. ఆ నాలుగింటి చీటీలూ, చనిపోయిన నావికుడి దీపం తాలూకు చీటీ నంబరూ మన అధికారి బల్ల మీద పెట్టాడు. అన్నీ ఏడు.

"ఏడో నంబరు ఎవరిది?" అన్నారు భీమశంకరం గారు.

"రాజవ్వది," అన్నాను. ఆ పేరు చెప్పింది నా నోరే.

"మిగతావి ఎన్ని చెడిపోయి ఉండొచ్చు? అది చెప్పండి చాలు," అన్నాడు నసీర్. "మా పిల్లలు ఇవాళ కూడా ఆ జాకెట్లు వేసుకునే సముద్రం మీదికి పోతున్నారు. మీవాళ్లు కూడా."

మన అధికారి నా వైపు చూశాడు. నేను టెస్టు రిపోర్టు తీసి చూపించాను. పదికి పది, ఎనిమిది గంటలు, కింద నా సంతకం. చూసి తల ఊపి వెనక్కి ఇచ్చాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. రిపోర్టు మళ్లీ ఫైల్లో పెట్టేశాను.

వాళ్లిద్దరూ రేపు పొద్దున మళ్లీ వస్తామని సంగారెడ్డి గెస్ట్ హౌస్‌కు వెళ్లారు. భీమశంకరం గారు తలుపు వేశారు.

"ముసలిది, కళ్లు సరిగ్గా కనపడవు. సీలు వదులుగా వేసుంటది, గాలిల తడి పోయింటది. అంతకన్న ఏముంది? కాగితం రాసి పెట్టు లింగం, పొద్దుగాల ఏలిముద్ర తీసుకుందాం. ఆమెను తీసేస్తే కంపెనీ మీదికి రాదు. నీ చేతిరాత మంచిగుంటది."

నేను రాశాను. 'నా అజాగ్రత్త వల్ల సీలు సరిగా పడలేదు. దీనికి నేనే బాధ్యురాలిని.' గుండ్రంగా, ముత్యాల్లా రాశాను. ఆ నావికుడి చావు నా వల్ల. ఆమె కూడు తీయడం కూడా నా వల్లే. అయినా రాశాను.

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్య సోమమ్మ అన్నం పెట్టి, "ఏమైంది, గట్లున్నవ్?" అంది. తలనొప్పి అన్నాను. ఆమె అమృతాంజనం తెచ్చి నుదుటికి రాసింది. నేను రాయించుకున్నాను.

రాత్రంతా లెక్కలు వేశాను. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది, కేసు కావొచ్చు. చెప్పకపోతే మిగతా దీపాలు జాకెట్లలోనే ఉంటాయి. ఇన్ని లెక్కల్లోనూ మధ్యలో నేనే ఉన్నాను.

పొద్దున పదింటికి అందరూ భీమశంకరం గారి గదిలో ఉన్నారు. రాజవ్వను పిలిపించారు. ఆమె బయట చెప్పులు విడిచి, పైట భుజం మీదుగా కప్పుకుని, గోడ పక్కన నిలబడింది. తెల్ల చొక్కాల పెద్దమనుషులను చూసి బెదిరినట్టుంది. బల్ల మీద కాగితం, ఇంకు ప్యాడు ఉన్నాయి.

"రాజవ్వా, గీడ ఏలిముద్ర ఎయ్యి," అన్నారు మేనేజరు.

"ఏంది సారూ గిది?"

"నువ్వు సీలు ఏసిన బుడ్లు కొన్ని కరాబైనయ్. దాని గురించి."

రాజవ్వ కాగితం వైపు చూసింది. అక్షరాలు రావు గానీ చేతిరాత గుర్తుపట్టినట్టుంది. సెలవు చీటీలు, రేషన్ కార్డు అర్జీలు అన్నీ ఆమెకు రాసిపెట్టింది నేనే కదా.

"నువ్వు రాసినవా బిడ్డా?" అంది నన్ను చూసి.

"అవును."

"నువ్వు రాసినవంటే సరే తియ్." వంగి బొటనవేలు ప్యాడు మీద అద్దింది.

నేను కాగితం లాగేశాను. ఎప్పుడు లేచానో తెలియదు. రెండు ముక్కలు చేశాను. భీమశంకరం గారు "లింగం!" అని అరిచారు.

"ఆమె సీలు మంచిగనే ఏసింది," అన్నాను. కంపెనీలో పెద్దవాళ్ల ముందు మాట్లాడే భాష కూడా మరిచిపోయాను. "ఆమె సీలు ఏసేటప్పటికే అవి తడిసినయ్. పూజల నీళ్లు పడ్డయ్. ట్రే బయటికి తెచ్చింది నేను. తడిసినయని నాకు ఎర్కనే. ఎర్క ఉండి పారెయ్యలే. టెస్టుకు పొడి ట్రేలోయే తీసిన, కావాలనే తీసిన. మొత్తం ఎనభై తొమ్మిది. ఏడో నంబరు చీటీ ఉన్నవి ఏదీ వాడొద్దు. ఒక్కటి గూడ వాడొద్దు."

మన అధికారి నసీర్‌కు గబగబా హిందీలో చెప్పాడు. నసీర్ నా మొహం వైపు కూడా చూడలేదు. ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తాడు. అతని భాషలో అతను అరుస్తుంటే, ఒక్క మాటా తెలియకపోయినా అంతా అర్థమైనట్టే ఉంది నాకు. మన అధికారి ఇంకో ఫోనులో విశాఖకు చెప్తున్నాడు. భీమశంకరం గారు తల పట్టుకుని కూర్చున్నారు.

రాజవ్వ మాత్రం అక్కడే నిలబడి ఉంది, ఇంకు అంటిన వేలు పైకి పట్టుకుని.

"ఏమైంది బిడ్డా? బుడ్లు కరాబైతే గింతమంది ఎందుకొచ్చిన్రు?"

ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె పేరుతో కాగితం రాశాను గానీ, ఏం జరిగిందో ఆమెకు నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి. చెప్తే ఆమె చేతి నీళ్ల సంగతి కూడా చెప్పాలి. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. చెప్పాను. ఓడ గురించి, అల గురించి, ఆరిపోయిన దీపం గురించి. ఆ రోజు వెలిగిన దీపాలు ఎందుకు వెలిగాయో కూడా.

రాజవ్వ ఏడవలేదు. తన కుడిచెయ్యి వైపు ఒకసారి చూసుకుంది. నసీర్ ఫోను పెట్టేసి లోపలికి వచ్చేదాకా కదలకుండా ఉంది. అతను రాగానే తన వచ్చీరాని ఉర్దూలో ఆ పిల్లవాడి పేరు అడిగింది.

"ఉస్ బచ్చేకా నామ్ క్యా సాబ్?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఈ రెండు రోజుల్లో ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు. "హుసేన్," అన్నాడు. "ఇరవై మూడేళ్లు."

"మా హై?" తల్లి ఉందా అని.

"హై."

"హుసేను," అని రాజవ్వ నెమ్మదిగా పలికింది, తన ఊరి కుర్రాడి పేరు పలికినట్టు. రాత్రంతా నేను ఆ చావు గురించే ఆలోచిస్తున్నాననుకున్నాను. అతని పేరేమిటో అడగాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఆ నెలలోనే రెండు దేశాల ఓడల్లోంచీ దీపాలన్నీ తీసేశారు. ఏడో నంబరువాటిలో యాభై ఒకటి చెడ్డవని తేలింది. నా ఉద్యోగం పోయింది, విచారణ జరిగింది, ఇంకా చాలా జరిగాయి. అవన్నీ నేను మోయగలిగినవే. మోయలేకపోయింది, ఆ గదిలోంచి బయటికి వెళ్తూ రాజవ్వ నా దగ్గర ఆగి అన్న మాట.

"అమ్మ ముట్టిచ్చిందని నేను మురిసిన. అది నా ఎర్రితనం. అవి కరాబైనయని ఆ దినమే ఒక్క మాట చెప్తే, నేనే తీస్కపోయి పెంటల పారబోస్తుంటి గద సారూ."

రాజవ్వ నన్ను సారూ అనడం అదే మొదటిసారి.